నాలుగు మొక్కల సంతతి: ఆయిల్‌పామ్ జన్యు వైవిధ్యం



కొల్లేటి పల్లపు చేపల చెరువులను దాటి, ఏలూరు మీదుగా మెట్టకు చేరితే, పెదవేగి మొదలుకొని తాడేపల్లిగూడెం వైపు ఆయిల్‌పామ్ తోటలు కనిపిస్తాయి. ఎకరానికి సుమారు 57 చెట్ల చొప్పున, తొమ్మిది మీటర్ల ఎడంతో నిలిచిన ఆ చెట్లన్నీ ఒకే తీరుగా కనిపించినా, వాటి వంశంలో వైవిధ్యం ఎంత ఉన్నదో కన్ను చెప్పలేదు.

సహజంగా పెరిగిన పైన్ అడవుల్లో గాలి మోసే పుప్పొడి తరతరాలుగా వైవిధ్యాన్ని కలుపుతూ వచ్చింది. ఆయిల్‌పామ్ తోటల చరిత్ర అందుకు భిన్నమైనది. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఈ చెట్టు 1848లో జావా దీవిలోని బొగోర్ ఉద్యానానికి కేవలం నాలుగు మొక్కలుగా చేరగా, వాటి సంతతి నుంచి వచ్చిన డెలి డ్యూరా రకమే నేటి వాణిజ్య విత్తనానికి చాలావరకు తల్లి అయింది. పునాది ఇంత ఇరుకైనప్పుడు, కొత్త తెగులుకో అనావృష్టికో తట్టుకునే గుణం ఆ సంతతిలో మిగిలి ఉన్నదా అనే ప్రశ్న సహజంగా పుడుతుంది.

దానికి సమాధానం వెతికే సాధనాలే అణు సూచికలు. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాల చిన్న ముక్క వరుసగా పదేపదే పునరావృతమయ్యే చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. ఆ పునరావృతాల సంఖ్య చెట్టుకూ చెట్టుకూ మారుతుంది కనుక, లేత ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ పద్ధతిలో ఆ చోటును ప్రతులుగా పెంచి, పొడవును బట్టి వేరుచేస్తే, ఏ చెట్టులో ఏ రూపం, అంటే ఏ యుగ్మవికల్పం, ఉన్నదో తేలుతుంది. యాదృచ్ఛికంగా తీసిన రెండు యుగ్మవికల్పాలు వేర్వేరుగా ఉండే సంభావ్యతే వైవిధ్యానికి కొలమానం: రెండు రూపాలు చెరిసగంగా ఉంటే అది 0.5, ఒకటి తొంభై శాతం ఆక్రమిస్తే 0.18 మాత్రమే. అయితే ఈ అంకె దిగుబడిని చెప్పదు. ఎంపికకు మిగిలిన అవకాశాన్ని మాత్రమే చెబుతుంది.

డీఎన్‌ఏ పరీక్ష రైతుకు నేరుగానూ పనికొస్తుంది. గింజ పెంకు మందాన్ని నిర్ణయించే జన్యువును 2013లో గుర్తించడంతో, కాపు వచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఆగకుండా నర్సరీలోనే, తోటలో నాటవలసిన పలుచని పెంకు గల టెనెరా మొక్కను, మందపాటి పెంకు గల డ్యూరాను వేరుచేయడం సాధ్యమైంది. తప్పు మొక్క నాటిన రైతు ఆ నష్టాన్ని పాతికేళ్ల పాటు మోయవలసి వస్తుంది కనుక, ఇది ప్రయోగశాలకే పరిమితం కాకూడని జ్ఞానం.

1995లో పెదవేగిలో జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రంగా ఏర్పడిన సంస్థ, 2007లో వెంకట్రామన్నగూడెంలో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ తోటల నడుమనే ఉన్నాయి. అక్కడ చదివిన పట్టభద్రులు తమ కొలతలను ఆ తోటల రైతుల గట్ల మీదికి తీసుకువెళ్లాలి.