కంపవాతమును, కణముల పొరయు
(ఒక గ్రామ గ్రంథాలయమున చేసిన ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రిందట ఒక గ్రామమున ఒక రైతు మమ్ము ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసెను. ఆయన కుమార్తెకు సంబంధము కుదిరినది. వరుని తాతకు ఒడిలో పెట్టుకొన్న చేయి ఊరకయే వణకుచుండునట. నడచునప్పుడు అడుగు ముందుకు పడదట. "ఇది వంశమున దిగు రోగమా? పిల్ల నీయవచ్చునా?" అని ఆయన అడిగెను. ఊరిలో కొందరు అది పూర్వజన్మ పాపమనియు, మరికొందరు అంటురోగమనియు చెప్పుటచే ఆ వృద్ధుని పంక్తి భోజనమునకు కూడ పిలుచుట మానిరట. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న మెదడులోని ఒక నాడీకణపు చివరి వరకు పోక తప్పదు.

మన వైద్యులు ఈ వ్యాధిని కంపవాత మనిరి. లండను నగరపు వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను వర్ణించి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. లోకమున నేడు వ్యాధికి ఆయన పేరే నిలిచినది. దీనిలో చేయి విశ్రాంతిగా నున్నప్పుడు వణకు హెచ్చుగా కనబడును. గ్లాసు ఎత్తునప్పుడు మాత్రమే వణకు చేతులు తరచుగా వేరొక జాతికి చెందినవి. వణకు ప్రతి ముసలి చేతికి ఈ పేరు పెట్టరాదు. మధ్య మెదడునందు నల్లని రంగు గల కొన్ని కణములు డోపమీను అను సందేశ ద్రవ్యమును తయారుచేయును. అవి క్రమముగా నశించుటచే నడక మందగించును, కండరములు బిగిసికొనును. ఇది అంటువ్యాధి కాదు. రోగి ప్రక్కన కూర్చుండి భుజించుటచే ఎవరికిని రాదు.

ఇక వంశము మాట. ఇటలీ దేశపు దక్షిణ భాగమున, సాలెర్నో మండలములో, వేడినీటి ఊటలకు పేరుపొందిన కొంతూర్సి అను చిన్న యూరు కలదు. ఆ యూరికి చెందిన ఒక కుటుంబమున ఐదు తరములలో సుమారు 60 మందికి ఈ వ్యాధి కలిగినది. వారిలో కొందరు అమెరికాకు వలసపోయిరి; సముద్రము దాటినను వ్యాధి వారిని విడువలేదు. ఇతరులకు సాధారణముగా 60 ఏండ్ల ప్రాంతమున కనబడు లక్షణములు వారికి సగటున 46వ ఏటనే మొదలయ్యెను. 1997లో పాలిమెరోపౌలస్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ కుటుంబపు నాలుగవ క్రోమోజోముపై ఒక జన్యువునందు ఒకే ఒక అక్షరము మారియున్నదని కనుగొనిరి. గ్రీసు దేశమున మూడు కుటుంబములలో కూడ అదియే మార్పు కనబడెను.

ఆ జన్యువు తయారుచేయు మాంసకృత్తు పేరు ఆల్ఫా సైన్యూక్లీన్. దాని జాతిని మొదట కనుగొన్నది మనుష్యుని మెదడులో కాదు. తాకినవారికి విద్యుద్ఘాతము కలిగించు ఒక సముద్రపు చేపలో, 1988లో కనుగొనిరి. కొంతూర్సి రహస్యము బయటపడిన 1997లోనే మరియొక సంగతి తెలిసినది. వంశమున ఎవరికిని లేని సాధారణ రోగుల మెదడు కణములలో సయితము కొన్ని ఉండలు కనబడును. 1912లో లూయీ అను వైద్యుడు వర్ణించిన ఆ ఉండలు ముఖ్యముగా ఈ మాంసకృత్తుతోనే కట్టబడినవని స్పిల్లాంతిని, గోడర్ట్ మొదలగువారు చూపిరి. ఒక పల్లెటూరి కుటుంబపు కష్టము లోకమందలి రోగులందరి వ్యాధికి తాళపుచెవి యయ్యెను.

ఇంతకును ఈ మాంసకృత్తు చేయు పని యేమి? నాడీకణపు చివర సందేశ ద్రవ్యము నింపిన సూక్ష్మమైన బుడగ లుండును. ఒక మిల్లీమీటరు పొడవున అట్టివి 25,000 వరుసగా పేర్చవచ్చును. బుడగ పైపొర నూనె జాతి పదార్థముతో ఏర్పడినది. దాని ప్రతి అణువునకు నీటిని కోరు తల యొకటి, నీటికి జంకు తోకలు రెండు. తలలు నీటి వైపునకును, తోకలు ఒండొంటికి ఎదురుగ లోపలి వైపునకును తిరిగి రెండు వరుసలుగా నిలుచును. కొన్ని తలలయందు ఋణ విద్యుత్తు కలదు.

ఆల్ఫా సైన్యూక్లీన్ 140 పూసల దండ వంటిది. ఆ పూసలను ఆమైనో ఆమ్లములందురు. నీటిలో నున్నంతసేపు దానికి ఒక ఆకారము లేదు. పందిరి దొరకని బీరతీగె వలె వ్రేలాడుచుండును. పొరను తాకగానే మొదటి నూరు పూసల వరకు చుట్లు చుట్టుకొని మెలిక తిరిగిన కడ్డీవలె నగును. ఈ భాగమున ఇంచుమించు ఒకే విధమైన 11 పూసల వరుస ఏడు మారులు వచ్చును. ప్రతి 11 పూసలకు సరిగా మూడు చుట్లు పూర్తియగును. అందుచే నూనెను కోరు పూసలన్నియు ఒక ప్రక్కకే చేరును. ధన విద్యుత్తు గల లైసీను పూసలు రెండంచులయందు నిలిచి, పొర తలలలోని ఋణ విద్యుత్తును పట్టుకొనును. జాలరి తెప్ప దుంగ సగము నీట మునిగి తేలునట్లు, ఈ కడ్డీ పొరలో సగము మునిగి యుండును. చివరి 40 పూసలు మాత్రము పొర నంటక నీటిలో ఆడుచుండును. బుడగ చిన్నదై వంపు హెచ్చినకొలది తలల నడుమ సందులు ఏర్పడును గనుక అచ్చట దీనికి పట్టు మరింత సులభము. బుడగలు కణపు గోడతో కలిసి ద్రవ్యమును విడుచు యంత్రము కూర్చుకొనుటకు ఇది తోడ్పడునని 2010లో బురే, సూడోఫ్ మొదలగువారు ప్రకటించిరి.

ఈ పట్టు కుదురైన పట్టు కాదు. పట్టుకొనుట, విడుచుట నిరంతరము జరుగుచుండవలెను. 1998లో జర్మనీ దేశపు ఒక కుటుంబమున 30వ పూస మారి ప్రోలీను వచ్చెనని తెలిసెను. ప్రోలీను మెలికను విరుచునది, పట్టు సడలెను. 2004లో స్పెయిను దేశపు ఒక కుటుంబమున 46వ పూస మారెనని తెలిసెను. ఋణ విద్యుత్తు గల పూస పోయి ధన విద్యుత్తు గల పూస చేరుటచే పట్టు బిగిసెను. రెంటికిని ఫలము వ్యాధియే! కొంతూర్సి కుటుంబమున మారిన 53వ పూస పట్టును పెద్దగా మార్చదు గాని, మాంసకృత్తు త్వరగా ఉండలు కట్టునట్లు చేయును. అమెరికాలో ఒక కుటుంబమున అక్షరమేదియు మారలేదు. జన్యువు ప్రతులు హెచ్చుటచే మాంసకృత్తు హెచ్చి వ్యాధి కలిగెనని 2003లో తేలెను. పొరపై ఇరుకుగా చేరిన దండలు నడిమి భాగములతో ఒండొంటికి అతుకుకొని ఉండలకు నాంది యగునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పొరనుండి విడివడి వృథాగా తిరుగునవే ముందు ముద్దకట్టునని మరికొందరందురు. మాకు రెండును కొంతవరకు నిజమే యని తోచుచున్నది.

ఆ రైతు ప్రశ్నకు మేము చెప్పిన సమాధానమిది. ఇట్టి జన్యువు గల తండ్రికి గాని తల్లికి గాని పుట్టు ప్రతి బిడ్డకు అది సంక్రమించుటకు రెండింట ఒక పాలు అవకాశము కలదు. కాని ఈ జన్యువు మారిన కుటుంబములు లోకమున మిక్కిలి కొద్ది. రోగులలో అత్యధికులకు వ్యాధి ఈ విధముగా వంశమున వచ్చినది కాదు. ఇంటిలో ముసలివాడొకడే వణకుచున్నంతమాత్రమున సంబంధము మానుకొన నవసరము లేదు. తరతరమున, నడివయసుననే పలువురికి వచ్చినచో పెద్ద ఆసుపత్రిలో నాడీ వైద్యుని సలహా పొందవలెను.

పొరనుండి ఈ మాంసకృత్తును తొలగించు మందు కొరకు కూడ వెదకుచున్నారు. సొరచేప శరీరమున 1993లో కనుగొనబడిన స్క్వాలమీను అను పదార్థము పొరకు తానే అంటుకొని, సైన్యూక్లీనుకు చోటు లేకుండ చేయునని 2017లో చూపిరి. మనుష్యుల సైన్యూక్లీను గల సూక్ష్మమైన పురుగులకు దీనిని పెట్టగా వాని చచ్చుదనము తగ్గెను. మనుష్యులకు ఇచ్చి చూడగా ఈ రోగుల మలబద్ధకము తగ్గెనని 2022లో ప్రకటించిరి. వ్యాధి ఆగెనని కాదు. కణముల నాశమును ఆపు మందు ఇంకను చేతికి రాలేదు.

ఉన్న మందులలో లీవోడోపాయే ప్రధానమైనది. అది మెదడులో డోపమీనుగా మారి కదలికను సుళువు చేయును. మన పొలముగట్ల దూలగొండి గింజలలో ఈ పదార్థము కలదని 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి తెలియజేసిరి. అయినను గింజకును గింజకును మోతాదు మారుచుండును గనుక వానిని ఇంట నూరి మ్రింగరాదు. డాక్టరు ఇచ్చిన బిళ్లను భోజనమునకు అరగంట ముందు వేసికొనుట మేలు. పప్పు, పాలు, గ్రుడ్లలోని మాంసకృత్తులు దానితో పోటీపడి పని తగ్గించును. బిళ్ల వేళ తప్పినచో రోగి అడుగు వేయలేక నిలిచిపోవచ్చును. కనుక పొలము పనికి పోవువారు బిళ్ల వేళను ఇంటిలో ఇంకొకరికి చెప్పి పోవలెను.