దెబ్బ చెయ్యికి, బాధ మనసుకు



గుత్తి దగ్గర సేవాగఢ్‌లో ఫిబ్రవరి 15న సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టుకుంటాం. ఈ పండగపూట ఒక బరువైన మాట చెప్పాలి.

వాన లేక శెనక్కాయ పంట ఎండితే అమ్మానాయనలు బెంగళూరుకు పనికి పోతారు. పిల్లలు హాస్టల్లో ఉంటారు. దిగులు చెప్పుకునే మనిషి లేక కొందరు తమను తామే గాయపరచుకుంటారు.

ఒక పాప చెయ్యి చూసి మొదట నేను కసిరాను. తప్పు నాదే. మర్నాటి నుంచి ఇంకా దాచింది. తర్వాత మందు రాసి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాను. మూడోరోజు తనే నోరు తెరిచింది: "తీజ్‌కైనా మా యాడి వస్తుందా మేడం?"

అది పొగరు కాదు, నాటకం కాదు. మోయలేని బాధ.

మీ స్నేహితుల్లో ఇది కనబడితే ఎగతాళి చేయొద్దు, ఫోటో తీయొద్దు, "ఎవరికీ చెప్పను" అని ఒట్టు పెట్టొద్దు. నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి తోడుగా పోండి. టెలి మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల సాయానికి 1098. ప్రాణం మీదికొస్తే 108.

తండాలో ఒక ఇంటికి కష్టమొస్తే నాయక్ ఇంటి ముందు అందరం కూడతాం. మనసుకు కష్టమొచ్చినా అట్లే కూడుదాం.

జై సేవాలాల్!