మా శాఖలో విన్న ఒక ఉపన్యాసం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనస్తత్వశాస్త్ర శాఖలోని నాటి విశేషాలు నాలుగు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1976లో ప్రయోగశాల అటెండరుగా చేరి, 2011లో పదవీ విరమణ చేసినవాణ్ణి. సెమినార్లలో నా పని కుర్చీలు వేయడం, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి స్లైడు ప్రొజెక్టరు నడపడం, చివర టీ అందించడం. ప్రొజెక్టరు బల్బు పోయిన రోజున వక్తగారికంటే నాకే ఎక్కువ చెమటలు పట్టేవి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నా, చెవులైతే పనిచేసేవి కదా!

చాలా ఉపన్యాసాలు నా తలకెక్కలేదు. ఒకటి మాత్రం నిలిచిపోయింది. 1988లో ఒక ఆచార్యులవారు జ్ఞాపకశక్తి గురించి మాట్లాడుతూ, మా ప్రయోగశాలలోని అద్దంలో గీసే పరికరం తెప్పించమన్నారు. నేనే మోసుకొచ్చాను. కాగితం మీద రెండు గీతలతో నక్షత్రం ఉంటుంది. చేయి కనబడకుండా పలక అడ్డం. అద్దంలో చూసుకుంటూ ఆ రెండు గీతల మధ్య పెన్సిలు నడపాలి. పెన్సిలు ఎటు తిప్పాలో తెలియక ఎం.ఏ. విద్యార్థులు సైతం తికమకపడేవారు. పదేపదే గీస్తే చేతికి అలవడుతుంది.

అమెరికాలో 1953లో మూర్ఛవ్యాధి ఉన్న 27 ఏళ్ల యువకుడికి మెదడులో రెండువైపులా కొంత భాగం తీసివేశారట. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటి నుంచి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు అతనిచేత ఈ నక్షత్రమే మూడు రోజులు గీయించారు. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. అతనికి మాత్రం ఎప్పుడూ గీసిన గుర్తే లేదు! అంటే, చేతి జ్ఞాపకం వేరు, సంగతుల జ్ఞాపకం వేరు అన్నమాట.

ప్రశ్నలకు వ్యవధి ఇచ్చినప్పుడు నేను లేచి, “అయ్యా, మరి ఆవిడ వెళ్లిన ప్రతిసారీ పరిచయం చేసుకోవలసిందేనా?” అన్నాను. అటెండరు ప్రశ్న అడగడమేమిటని కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆచార్యులవారు మాత్రం, “అవునండీ, ఎన్నేళ్లు వెళ్లినా ఆవిడ అతనికి కొత్తమనిషే” అన్నారు. ఆ రోజుల్లో అతని పేరు హెచ్.ఎం. అనే రెండక్షరాలే. 2008లో, 82వ ఏట పోయాక, హెన్రీ మోలైసన్ అని లోకానికి తెలిసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అన్నయ్యకు ఆరేళ్ల నుంచి అల్జీమర్స్. ఆ జబ్బు వేరు, హెన్రీ సంగతి వేరు. అయినా ఇందులోనూ పాత చేతిపనులు కొంతకాలం నిలుస్తాయి. అన్నయ్య టైపు హయ్యరు ప్యాసై, ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసినవాడు. జబ్బు తెలిశాక ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. మనిషి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. “వదినా, అటక మీది మిషను దింపించండి” అన్నాను. “ఎందుకు మరిదిగారూ, నన్నే గుర్తుపట్టనివారికి అదేం గుర్తుంటుంది?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాగితం ఎక్కించి ముందు పెడితే, పది వేళ్లూ వాటి చోటికి అవే వెళ్లాయి. ఇప్పుడు వేగం తగ్గింది, తప్పులు పెరిగాయి. జబ్బు ఆగలేదు. కాని రోజుకో గంట ఆయన పనిలో ఆయనుంటాడు. వదిన పక్కన కూర్చుని కాగితాలు అందిస్తుంది.

మరొక్క మాట. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరవడం మనందరికీ ఉన్నదే, దానికి బెంగ వద్దు. తెలిసిన వీధిలో దారి తప్పినా, చిల్లర లెక్క పొసగకపోయినా, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్నా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం, దిగులు జబ్బు, కొన్ని మందులు కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి వైద్యం ఉంది. “వయసు మీద పడింది” అని ఊరుకుంటే ఆ అవకాశం పోతుంది.

మన సంఘం పెట్టే ఆరోగ్య శిబిరంలో బి.పి., షుగరులతోబాటు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేర్చవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇంటి దగ్గర ఇలాంటి వారిని చూసుకుంటున్నవారు సమావేశం అయ్యాక నన్ను కలిస్తే, తోచినంత మాట్లాడుకుందాం.