ఆపరేషన్ గదిలో హాజరు పట్టీ

పేగు ఆపరేషన్ కానీ, ప్రమాదంలో తగిలిన గాయం కానీ, మనవాళ్లు ముందు అడిగేది "డాక్టరు పెద్దవాడేనా?" అని. అడగవలసిందే. అయితే 2007-08లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో 19 అంశాల పట్టీ ఒకటి పెట్టి చూసింది. గుండె ఆపరేషన్లు ఇందులో లేవు. మత్తుకు ముందు రోగి పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ మందు పడదు? కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా? చివర గుడ్డ ముక్కలు, సూదులు లెక్క కుదిరిందా? అంతే, కొత్త మందేమీ లేదు! మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. ఉర్దూ బళ్లో రోజూ హాజరు పిలిచే మాకిది వింత కాదు. నర్సమ్మ అదే పేరు మళ్లీ అడిగితే "ఇందాకే చెప్పాం గదా" అని విసుక్కోకండి. ఒంటికి పడని మందేదైనా ఉంటే అప్పుడే చెప్పేయండి.