తాతగారి మడత చాకు



కువైత్‌లో ఇంకా రూపాయలు చెల్లుతున్న కాలంలో, అంటే 1961కి ముందు, మా తాతగారు జేబులో ఒక మడత చాకుతో ఇక్కడికి వచ్చారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు రావడంతో కొద్ది రోజులకే ఫర్వానియాలోని ఇల్లు విడిచి అమ్మాన్ దారి పట్టాము. మరుసటి ఏడు తిరిగివచ్చేసరికి అది తుప్పుముద్ద. తప్పు యుద్ధానిదే అనలేము. డబ్బా మూతలు లేపి, మరలు తిప్పి, అంతకుముందే దాని మొన విరగగొట్టింది మేమే.

ఈ వేసవిలో బాగుచేయ పూనుకున్నాము. కరెంటు సానకు పట్టిద్దామని ఇంట్లోవారన్నారు. వద్దన్నాము. ఆ వేడికి ఉక్కు నీలం తిరిగితే మరి పదును నిలవదు. రెండు రోజులు కిరసనాయిలులో నానవేసి, కీలులోని ఇసుకను పుల్లతో తీసి, సన్నని గరుకు కాగితంతో తుప్పు వదిలించాము. సానరాతిమీద రెండువైపులా ఒకే వాలుగా, ఓపికగా నూరాము. కీలుకు ఒక్క చుక్క నూనె వేశాము.

కొమ్ము పిడిని మాత్రం మురికి తుడిచి ఊరుకున్నాము. దానిమీద ఏవో గీతలున్నాయి. చాకు మూసి తరగతిలో చూపితే, ఒక చిన్నపాప కూడబలుక్కుని "వెం" అని చదివింది. తాతగారి పేరులో మొదటి అక్షరం! ఇన్నేళ్లుగా అక్షరాలు నేర్పుతున్న మేము వాటిని గీతలనే అనుకున్నాము.

మొన ఇప్పటికీ పొట్టిదే. అయినా నిన్న దానితోనే మామిడికాయ కోశాము.

మీ ఇళ్లలోనూ పెద్దల వస్తువులుంటాయి. మెరుగు పెట్టించే ముందు ఒక్కసారి పిల్లలచేత చదివించండి.