పూటకూటి యింటి ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



పుస్తకముల పండుగనాడు అన్నము మాట యేలయని కొందఱు నవ్వవచ్చును. కాని గ్రంథాలయమునకును పూటకూటి యింటికిని దగ్గఱి చుట్టఱికము కలదు. రెండింటి తలుపులును ఊరివానికిని పొరుగూరివానికిని ఒక్కతీరున తెఱచియుండును. రెండింటను ముందు వచ్చినవాడు ముందు కూర్చుండును. ఒకచోట ఆకలి తీఱును, ఇంకొకచోట అజ్ఞానము తీఱును. రెండును నిలుచునది మాత్రము ఒక్క గుణము చేతనే. నిన్న యిచ్చిన కొలత నేడును ఇచ్చుటయే ఆ గుణము.

పటాన్‌చెరువు పూర్వనామము పొట్లచెరువు. ఇబ్రహీం కుతుబ్ షాహి కాలమున అచట అధికారము నెఱపిన అమీన్ ఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. తొలి అచ్చతెనుగు కావ్యము ఒక మహమ్మదీయ ప్రభువు చేతిలో పెట్టబడిన చోటది. 1960ల దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ పటాన్‌చెరువునకు వచ్చినది. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము ఏర్పడినది. మందుల కంపెనీలును, ఇనుప కార్ఖానాలును వీనికి తోడైనవి. ఒరిస్సా నుండియు, బీహారు నుండియు, తెలుగు పల్లెల నుండియు కూలి వెదకికొనుచు జనము వచ్చినది. ఇంటిని వదలివచ్చిన మనుష్యునకు మొదట కావలసినది గది కాదు, ఒక పూట కూడు. రాత్రి షిఫ్టు దిగి, కనులు మండుచు బయటికి వచ్చినవానికి ఎవరు వడ్డింతురు? ఎంతకు వడ్డింతురు? ఈ ప్రశ్నయే ఈనాటి ప్రసంగమునకు మూలము.

అన్నమును అమ్ముట తప్పని పూర్వుల మాట. అన్నవిక్రయమును ధర్మశాస్త్రములు నిందించినవి. అయినను బాటసారుల కాకలి వేయక మానదు, సత్రము ప్రతి ఊరను ఉండదు. అందువలన పూటకూటి యిల్లు పుట్టినది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింటి ముచ్చట యున్నది. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు సువాసనగల అన్నమును, గోధుమపిండి వంటయు, పంచదారయు, అప్పుడు కాచిన నేయియు, పెసరపప్పును, అరటిపండ్లును, నంజుళ్ళును, గడ్డపెరుగును దొరకెడివట. ఆ పద్యమున వంటకముల పట్టికను అందఱును మెచ్చుకొందురు. లెక్క తెలిసినవాడు మెచ్చవలసినది వేఱొకటి కలదు. అందు యింటి పేరున్నది, వెల యున్నది, ఆ వెలకు వచ్చునదేమో వివరముగ నున్నది. ఆ మూడును బహిరంగముగ చెప్పగలిగిన నాడు అన్నము నమ్ముట పాపము కాదు, వృత్తిధర్మము.

ఈ ధర్మము ఒక్క తెలుగుదేశముననే కాదు. తైవాను ద్వీపమున లు-రౌ-ఫాన్ అను అన్నపు గిన్నె సామాన్యుల భోజనము. క్రొవ్వుతో చర్మముతో కూడిన పందిమాంసమును చిన్న ముక్కలుగా తఱిగి, వేచిన చిన్న యుల్లి, సోయా చిక్కుళ్ళ రసము, బియ్యపు సారా, అనాసపువ్వు మొదలగు దినుసులతో గంటల తరబడి మెల్లని సెగను ఉడికించి, వేడియన్నముపై పోసి యిత్తురు. తరములుగా ఆ యొక్క వంటకమునే నమ్ముకొన్న అంగళ్ళు అచట నున్నవి. పాతరసమున క్రొత్తరసము కలుపుచు, కుండను ఎండనీయక కాపాడుదురు. 2011లో ఒక విదేశ యాత్రామార్గదర్శి ఆ వంటకము చైనాలోని షాన్‌డాంగ్ సీమదని వ్రాయగా, తైపే నగర పాలకులు వేయి గిన్నెలు ఉచితముగ పంచి, అది తమదేయని చాటిరి. ఒక్క చిన్న గిన్నె కొఱకు ఒక నగరము పౌరుషము చూపినది. పందిమాంసము తినువారును తినని వారును ఈ సభలో నుందురు. ఇచట చెప్పదగినది మాంసము మాట కాదు, గిన్నె వెనుక నున్న ఓపిక మాట.

అట్టి ఓపికతో చేయు వంటకము హైదరాబాదున నహారీ. అరబ్బీ భాషలో నహార్ అనగా పగలు. తెల్లవాఱుచుండగా తినునది గనుక ఆ పేరు. పెద్ద డేగిసాలో గొఱ్ఱెకాళ్ళును నాలుకలును వేసి, వట్టివేళ్ళు, రాతిపువ్వు, దుంపరాష్ట్రము, ఎండిన గులాబిరేకులు, చందనపు పొడి మొదలగువానిని పలుచని గుడ్డలో మూటగట్టి దించి, రాత్రియంతయు సన్నని సెగపై నుంతురు. ఢిల్లీ నహారీ చిక్కగా నుండును, హైదరాబాదుది పలుచని పులుసు. గొఱ్ఱెకాళ్ళు వెల తక్కువ వస్తువు. వానిలో కండ తక్కువ, నరమును తోలును ఎక్కువ. తొందరపడి వండినచో పంటికి లొంగవు. మెల్లని వేడిలో గంటలు గడచిన పిమ్మట ఆ నరములలోని గట్టి పదార్థము కరగి, పులుసునకు జిగటయు నిండుదనమును ఇచ్చును. ధనికుడు డబ్బిచ్చి మెత్తని మాంసము కొనును. పేదవాని వంటకు కాలమే ధనము. వంటవాడు నిదుర మానినందున కఱకైన వస్తువు మృదువగును. తైవాను కుండలోను, చార్మినారు నీడనున్న డేగిసాలోను పనిచేయునది ఒక్కటే సూత్రము.

తెల్లవాఱుజామున ఆ అంగడి చూడవలెను. వీథి దీపములింకను ఆఱవు. ఆటోవాండ్లు, హమాలీలు, రాత్రి కాపలా దిగినవారు, నమాజు ముగించి వచ్చిన వృద్ధులు ఒకే బల్లచుట్టు కూర్చుందురు. అడుగవలసినది లేదు, ఎంచుకొనవలసినది అంతకన్న లేదు. గిన్నెలో పులుసు వచ్చును, ప్రక్కన కుల్చా వచ్చును. నిమ్మచెక్క పిండి, కుల్చాను త్రుంచి ముంచి నోట పెట్టుకొన్నప్పుడు మొదట ఆవిరి, పిదప పులుపు, అటుపిమ్మట వట్టివేళ్ళ చల్లని వాసన. పెదవులకు జిగట అంటుకొనును. కొంతసేపు ఎవ్వరును మాటలాడరు. ఆకలిగొన్న మనుష్యుల మౌనమున కొక మర్యాద కలదు. తిని లేచినవాడు బల్లను వెనుక నిలిచినవానికి వదలును. ఆ బల్లపై పెద్దకుర్చీయనునది లేదు.

కుల్చాకును ఒక కథ కలదు. అసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్‌ముల్కునకు ఔరంగాబాదు నిజాముద్దీను అను సాధువు కుల్చాలు పెట్టగా ఆయన యేడు తినెననియు, ఏడు తరములు ఏలుదువని సాధువు దీవించెననియు, అందువలననే ఆ వంశపు పతాకమున గుండ్రని కుల్చా గుర్తు నిలిచెననియు జనశ్రుతి. కథ నిజమో కాదో అటుంచి, పతాకముపై కత్తిగాక రొట్టె యున్నదని జనులు నమ్ముట గమనింపదగినది.

పురానీ హవేలీ వీథిలో 1851లో మున్షీ నాన్ అను రొట్టె అంగడి వెలసినది. దానిని స్థాపించినవాడు నిజాము కొలువున మున్షీ, అనగా వ్రాతపని చేయువాడని ప్రసిద్ధి. కలము పట్టిన చేయి పిండి పట్టినది. ఉద్యోగపు పేరు పోలేదు, అంగడి పేరైనది. నాలుగు మూలల నాన్‌ను తందూరు గోడకు అంటించి కాల్చుట వారి విశేషము. రాజ్యము మాఱినది, నాణెము మాఱినది, రొట్టెకు మూలలు నాలుగే నిలిచినవి. 2024 మార్చిలో పాతబస్తీ మెట్రో మార్గమునకు శంకుస్థాపన జరిగినది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌకుల మీదుగా పోవు ఆ మార్గమునకై వీథి వెడల్పు చేయుటకు 2025లో కట్టడములు కూల్చుట మొదలైనది. రైలు వలదనుట అవివేకము, తెల్లవాఱుజామున పనికిపోవు పేదవానికే రైలు ముందు కావలెను. అయినను ఒక్క మాట అడుగవలసియున్నది. పాత అంగడి స్థలము పోయినప్పుడు పోవునదేమి, నిలుచునదేమి?

గోడకు సర్కారు వెల కట్టగలదు. చేతివాటమునకు వెల కట్టజాలదు. అంగడివాడు వేఱొకచోట పొయ్యి పెట్టినను, ఆ సెగ, ఆ కొలత, ఆ మూట దినుసులు మాఱనిచో అంగడి నిలిచినట్లే. పాత గోడయే నిలిచి కొలత మాఱినచో అంగడి పోయినట్లే. నూఱు గిన్నెల పులుసులో ఒక బిందె నీరు పోసి నూటపది గిన్నెలు చేయుట సులభము. నాటి చిట్టాలో లాభము కనబడును. కాని తినువాని నాలుక వేఱొక చిట్టా వ్రాసికొనును. ఆ చిట్టాలో దిద్దుబాట్లు చెల్లవు.

ఇక పటాన్‌చెరువు మాట. పులుసులో నూటికి తొంబది పాళ్ళు నీరే. ఈ సీమ కార్ఖానాల మురుగు నక్కవాగున కలసి, అది మంజీరను చేరుచుండగా, చేలును బావులును చెడెనని పల్లెలు మొఱపెట్టుకొన్నవి. 1990లో ఆ వ్యాజ్యము దేశపు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. వంటవాడెంత నిపుణుడైనను, దినుసులెంత మేలైనవైనను, బావి చెడిన ఊర వంట నిలువదు. నూఱేండ్ల అంగడి వెలయుటకు నూఱేండ్లు త్రాగదగిన నీరు కావలెను. కార్ఖానాలో పనిచేయువాడును, దాని ప్రక్క చేను దున్నువాడును ఒకే బల్లవద్ద తినవలసినవారు. ఒకని కూలి ఇంకొకని బావిని చెఱుపరాదు. వాగును కాచుకొనుట ఏ యొక్క రైతు పనియో కాదు, వండువాని పని, తినువాని పని కూడ.

సభాసదులారా, ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. పూటకూటి యింటికి చెప్పిన ధర్మమే దీనికిని చెల్లును. వేళకు తలుపు తీయవలెను. చదువరి యెవరని అడుగక పుస్తకము చేతికీయవలెను. చందా లెక్క గోడపై వ్రాయవలెను. చినిగిన పుస్తకమును పారవేయక అట్టకట్టి నిలుపవలెను, అది పాతరసము వంటిది, క్రొత్త పుస్తకములు దానిలో కలియుచుండవలెను. రాత్రి షిఫ్టు దిగి, ఎచటనో ఒక గిన్నె తిని, ఇంటికి పోవు త్రోవలో ఒక కార్మికుడు ఈ గడప త్రొక్కినచో, వానికి కూర్చుండ చోటును, చదువ వెలుతురును దొరకవలెను. అట్టివాడు ఒక్కడు వచ్చినను ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.