నడిగడ్డ మొదలు నల్లమల వఱకు రక్తహీనత

గద్వాల పరిసర గ్రామములలో గర్భిణీస్త్రీలను పరీక్షించునపుడు మేము మొదట అడుగు ప్రశ్న వినువారికి నవ్వు పుట్టించును. "మన్ను తినబుద్ధి అయితున్నదా తల్లీ?" అని అడుగుదుము. కొందఱు తలవంచుకొందురు. కొంగుముడి విప్పి బలపపు ముక్క చూపిన తల్లియు మాకు తారసిల్లినది. ప్రక్కనున్న అత్తగారు అది వేవిళ్ల కోరికయనిరి. ఏడవ మాసమునను ఎఱ్ఱమట్టి, బలపము, పచ్చిబియ్యము నోరూరించుచున్నచో అది వట్టి కోరిక కాదు. శరీరములో ఇనుము తఱిగినదనుటకు తఱచుగ కనబడు గుర్తు.

మన రక్తమునకు ఎఱుపుదనమిచ్చి, ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును అవయవములకు మోయునది హిమోగ్లోబిన్. నూఱు మిల్లీలీటరుల రక్తమున పురుషునకు 13 గ్రాములు, గర్భము లేని స్త్రీకి 12 గ్రాములు ఉండవలెను. గర్భిణికి 7 గ్రాములకు లోబడినచో ప్రాణభయము. కాన్పులో కొంత రక్తము పోవుట సహజము. ఆరోగ్యవతికి అది లెక్కలోనిది కాదు. ఆఱు గ్రాములతో కాన్పునకు వచ్చిన తల్లికి ఆ కొంచెమే గుండెకు మోయరాని బరువగును.

ఇది ఒకరిద్దఱి బాధ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి, ఐదేండ్ల లోపు పసివారిలో నూటికి 70 మందికి రక్తహీనత కనబడినది. 2022 డిసెంబరులో గర్భిణులకు పోషకాహారపు సంచి నిచ్చు పథకమును రాష్ట్రప్రభుత్వము రక్తహీనత హెచ్చుగానున్న తొమ్మిది జిల్లాలలో ప్రారంభించినపుడు వానిలో జోగులాంబ గద్వాల, నాగరుకర్నూలు చేరియుండెను. వనపర్తి ఆ పట్టికలో లేకపోయినను, అచటి తల్లులు తినునది ఆ అన్నమే, ఆ రొట్టెయే.

ఇక కారణము. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినువారికి ఇనుమేల తగ్గవలెనని అడుగుదురు. ధాన్యములలో ఇనుము లేకపోలేదు. వానిలోని ఫైటేటు అను పదార్థము దానిని పట్టియుంచుటచే పదింట ఒక పాలైనను ఒంటబట్టుట కష్టము. గోంగూర తిన్నచో నెత్తురు పట్టుననుట సగము నిజము మాత్రమే. అన్నము తిన్న వెంటనే తేనీరు త్రాగినచో ఆ కొంచెమును పోవును. నిమ్మకాయ పిండుకొన్నను, జామపండో ఉసిరికాయో తిన్నను ఇనుము బాగుగ నెక్కును. మాంసములోని ఇనుము సులభముగ నెక్కును గాని, కూలివారి యింట మాంసము ప్రతిదినము ఉడుకునా?

లోపలికి వచ్చునది తక్కువ, వెలుపలికి పోవునది ఎక్కువ. అధిక ఋతుస్రావము, ఎడము లేని కాన్పులు, మూలవ్యాధి మెల్లగా రక్తమును తోడివేయును. కొంకిపురుగు సంగతి వేఱు. బహిర్భూమిగా వాడిన తడినేలలో పెరిగి, చెప్పులు లేని పాదమునుండి దూరి, ప్రేగులకు కఱచుకొని రక్తము పీల్చును. పాలమూరు కూలీలు పనులకై ఊరూరు తిరుగువారు. గర్భిణి ఏ ఊర పరీక్ష చేయించుకొనవలెను?

ఇనుమొక్కటే కాదు. ఫోలికామ్లము లోపించినను రక్తకణములు పరిపక్వము కావు. 1928 తరువాత బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్సు ఈస్టు సారముతో అది నయమగుననెను. ఆ ఫోలికామ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. రక్తమును క్షీణింపజేయు సంగ్రహణితో సోదరులను పోగొట్టుకొన్నవాడు ఆయన. కేవల శాకాహారులలో బి12 లోపము కలుగవచ్చును. దానికి ఫోలికామ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లుండి నరములు చెడును. మలేరియాలోను, వంశానుగతములైన సికిల్‌సెల్, తలసీమియా వ్యాధులలోను కణములే నశించును. తలసీమియా రోగికి ఊరక ఇనుమిచ్చుట కీడు. కావున పరీక్ష ముందు, మందు తరువాత.

ఉపకేంద్రములలో ఉచితముగ నిచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలికామ్లము కలవు. నాలుగవ మాసము మొదలు దినమున కొకటి చొప్పున 180 దినములు వాడవలెను. కాల్షియము మాత్రతో కలిపి మ్రింగరాదు. మలము నల్లబడినదని భయపడి, బిడ్డ నల్లగా పుట్టునని ఎవరో చెప్పగా విని, మాత్రలను దూలముపై దాచువారిని మేము చాల మందిని చూచితిమి. నలుపు ఇనుముది, బిడ్డ రంగునకు దానితో పనిలేదు. కడుపులో త్రిప్పినచో రాత్రి భోజనానంతరము వేసికొనుడు. మానవలదు.

బలపము చూపిన తల్లి నెల తిరిగి వచ్చినది. ముఖము ఇంకను పాలిపోయియే యున్నది, ఆయాసము కొంచెము తగ్గినదట. బలపముల సంగతి అడిగితిమి.

"ఇప్పుడు దాని వాసనే గిట్టుతలేదు, డాక్టరమ్మా" అన్నది.